ఉయ్యాల ఎత్తు

పాపాయి వాళ్ల అమ్మకి,

నేను కులాసా, దగ్గు తగ్గింది. మేం తవ్వి వదిలేసిన కంకర గుంట ఇప్పుడు చెరువైంది, గట్టున పార్కు కడుతున్నారు. నిన్న నాచేత ఉయ్యాల బిగింపించారు. ఎనిమిదేళ్ల పిల్లలు ఎక్కి చూస్తే కాళ్లు నేలకి రాసుకుపోయాయి. "ఏ పిల్లకి బిగించావయ్యా ఇది?" అని మేస్త్రీ ఒకటే నవ్వు. "మా అమ్మాయిదీ ఎనిమిదేళ్ల వయసే" అన్నాను. మూడేళ్ల కిందట నేను బయల్దేరినప్పుడు అది నా నడుం దాకా వచ్చేది. ఆ కొలతే చేతిలో ఉండిపోయింది.

వంటింటి కప్పు కారడం ఆగిందా? అమ్మకి కళ్లజోడు మార్పించు, నా నమస్కారాలు చెప్పు. పాపకి ముద్దులు. దాన్ని గోడకి ఆనించి ఎంత ఎత్తుందో కొలిచి రాయి. టేపు వద్దు, నీ జానలతో కొలువు. నీ జాన ఎంతో నాకు గుర్తే.