లైబ్రేరియన్ గారు అడిగిన రెండో ప్రశ్న

జూన్ 14, ఆదివారం

అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. బావ మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను. నీ ఉత్తరం అందింది. ఇంటర్వ్యూలో నీ ప్రోగ్రాం చూసి, ఇది ఇంకెవరిదో ఎత్తుకొచ్చినట్టుందని ఉద్యోగం ఇవ్వలేదనీ, అలా ఎందుకన్నారో ఎంత ఆలోచించినా అంతుబట్టలేదనీ రాశావు. నాకూ ఏమీ అర్థం కాలేదు.

ఇక్కడ నా గోల వేరే. లైబ్రరీల కోసం నువ్వు రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే ఇచ్చేసిన ప్రోగ్రాం మీదే కదా నా సాఫ్ట్‌వేర్ కట్టుకున్నాను. మొన్న మా వీధి చివరి లైబ్రరీలో లైబ్రేరియన్ గారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఇది నెట్‌లో ఊరికే దొరుకుతోందట కదా, మా దగ్గర ఫీజెందుకు పుచ్చుకుంటున్నావు నాయనా అని అడిగారు. కోడ్ ఊరికే దొరికేదేనండీ, కంప్యూటర్ మొరాయిస్తే పరుగెత్తుకొచ్చేది నేను కదా అన్నాను. ఆవిడ చిరిగిన అట్టకు జిగురు రాస్తూ, అదీ నిజమేలే, బైండింగ్ చేసేవాడు కథకు డబ్బడుగుతాడా, కుట్టినందుకు అడుగుతాడు అన్నారు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. మరి ఈ కథ రాసిందెవరు అని అడిగారు. నేను వైరు సర్దే నెపంతో బల్ల కిందికి దూరాను.

అప్పటినుంచీ అంతా అయోమయంగా ఉంది. నువ్వు ఊరికే ఇచ్చినదానికి నేను డబ్బు తీసుకోవడం తప్పా? అమ్ముకోరా, నాకేం, ప్రతి ఫైలు మొదట్లో నా పేరున్న ఆ రెండు లైన్లూ మాత్రం ఉంచు అని నువ్వే నవ్వుతూ అన్నావు. అంటే తప్పు కాదనే కదా? మరి ఆవిడ అడిగితే నేనెందుకు బల్ల కింద దాక్కున్నాను? ఒక పూట ఒప్పే అనిపిస్తుంది, ఇంకో పూట అన్నం సయించదు. నువ్వే తేల్చి చెప్పాలి.

బావకు నమస్కారాలు, చిట్టికి ముద్దులు.

నీ తమ్ముడు

తా.క. (సోమవారం): ఉత్తరం పోస్టు చెయ్యలేక జేబులో పెట్టుకు తిరిగాను. సంగతి ఫీజు కాదక్కా. ఆ రెండు లైన్లూ నేను తీసేశాను. మొదటి బేరం నాడు, అంతా నేనే రాశానంటే గొప్పగా ఉంటుందని, ప్రతి ఫైల్లోనూ నీ పేరు చెరిపి నా పేరు పెట్టుకున్నాను. వాళ్లు ఎక్కడో నా పేరున్న ఫైళ్లు చూసి ఉంటారు; నిన్ను దొంగని చేసింది నా సాఫ్ట్‌వేరే. నాకూ అర్థం కాలేదని పైన రాసింది పచ్చి అబద్ధం. ఇవాళ నీ పేరు తిరిగి పెట్టాను. నిన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్లకు నిజం రాసి సంతకం పెట్టి పంపాను, దాని నకలు ఇందులో ఉంది. లైబ్రేరియన్ గారికీ చెప్పాను. ఆవిడ నీ పేరు చీటీ మీద రాసుకుని, ఈ సంగతి మీ అక్కకు తెలుసా అని అడిగారు. పోస్టాఫీసుకే వెళ్తున్నానని చెప్పాను.