పుంటికూర మడి

దోహా,
6 మే 1994

మా సుకుమారక్కకి,

నీ ఉత్తరం సోమవారం చేరింది. బడిలో కొత్త గదికి కప్పు పడిందని చదివి సంతోషించాను. నువ్వు హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నంతకాలం ఆ మేస్త్రీకి కంటిమీద కునుకుండదు. దేవుని దయవల్ల ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ మరిదికి మోకాలి నొప్పి తగ్గింది.

ఎం.ఏ. చదివి ఆ ఎడారిలో ఇంట్లో కూర్చుంటే పొద్దెలా పోతుందే అని అడిగావు కదా. శుక్రవారాలు మాత్రం నాకు డ్యూటీ ఉంది. మా సందు చివర ఓ పాత ఇంట్లో ఇరవై ఆరుమంది కూలీలు ఉంటారు. నిజామాబాద్, కరీంనగర్ వైపు వాళ్ళు, రోడ్డు పని. ఆ మధ్య మా గేటు దగ్గర నేను మోనికాతో మాట్లాడుతుంటే వాళ్ళలో ఒకాయన తెలుగు విని ఆగిపోయాడు. మోనికా అంటే మా పై అంతస్తులో ఉండే బందరు పిల్ల, మనవాళ్ళే. ఆయన పేరు గంగన్న. నలభైకి దగ్గర పడ్డవాడు. "అక్కా, నీకు తెలుగు సదువ వస్తదా?" అన్నాడు. వాల్తేరులో చదివానని చెప్పబోయి, ఎందుకో సిగ్గేసి, "వస్తుంది" అని ఊరుకున్నాను.

అప్పటి నుంచీ ప్రతి శుక్రవారం మా వరండాలో కూర్చుంటాడు. ఊళ్ళో ఆయన భార్య సాయవ్వ. పక్కింటి పిల్ల చేత రాయిస్తుంది. జవాబు నేను రాసి, తిరుగు కవరు మీద నా పేరు, అడ్రసు ఇంగ్లీషులో రాసి పంపుతాను. అందుకే కవరు మీద అడ్రసు సరిగ్గానే ఉంటుంది కానీ లోపల మాత్రం "దుబాయ్ల ఉన్న మా ఆయనకు" అని మొదలవుతుంది. పోయినసారి ఏం రాయించిందో తెలుసా? "నువ్వు పంపిన సెంటు సీస అత్త దేవుని కాడ వెట్టింది, ముట్టనిస్తలేదు" అని. గంగన్న తలపాగా గుడ్డ నోట్లో కుక్కుకుని నవ్వాడు. నేను చదువుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని, తల వంచుకుని వింటాడు. అయ్యాక ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని పైన అరచెయ్యి ఆనించి లేస్తాడు. వారమంతా అది ఆ జేబులోనే. పై శుక్రవారం తెచ్చి నాకే ఇస్తాడు దాచమని. వాళ్ళ గదిలో ఏదీ దక్కదట. నా బిస్కెట్ల డబ్బా నిండా ఇప్పుడు సాయవ్వే.

ఒకసారి వాళ్ళింటి వెనక్కి తీసుకెళ్ళి చూపించాడు. నీళ్ళ ట్యాంకరు పైపు కారే చోట గట్టు కట్టి గోంగూర వేశారు, అక్కా! ఊరి నుంచి విత్తనాలు మూట కట్టుకొచ్చారు. నేను గోంగూర అంటే ఒప్పుకోడు. "పుంటికూర, అక్కా. మీ దిక్కు పేరు మీ దిక్కే ఉంచుకో" అంటాడు. వారానికో కట్ట తెస్తాడు. రొయ్యల్లో వేశాను. మీ మరిది గిన్నె తుడిచి తిన్నాడు.

ఇంకో సంగతి. నిన్న సాయంత్రం మోనికా వాళ్ళ హాల్లో సందులోని పది కుటుంబాల వాళ్ళం చేరాం. టీవీలో దక్షిణాఫ్రికా ఎన్నికల ఫలితాలు చూపిస్తున్నారు. మోనికా భర్త చప్పట్లు కొట్టాడు, ఇక నల్లవాళ్ళు ఎక్కడ కావాలంటే అక్కడ ఇల్లు కట్టుకోవచ్చని. టీ తాగాక మాట ఆ చివరింటి మీదకి మళ్ళింది. ఫ్యామిలీలుండే చోట ఇంతమంది బ్యాచిలర్లేమిటని. పెళ్ళాం పక్కన లేనివాడల్లా ఇక్కడ బ్యాచిలరే. ముగ్గురు పిల్లల తండ్రి గంగన్న కూడా. "వదినా, నీ ఇంగ్లీషు ఇక్కడెవరికుంది? ఒక పేజీ రాసిపెట్టు, అందరం సంతకాలు పెట్టి వాళ్ళ కంపెనీకి ఇచ్చేద్దాం" అంది మోనికా. చూద్దాంలే అన్నాను. రాయననే అనుకుంటున్నాను.

నీ చెల్లి,
ఎవాంజెలిన్

*

దోహా,
24 జూన్ 1994

అక్కా,

నేను రాశాను.

ముందు ఆ మాట రాసేస్తే మిగతాది రాయగలనని అలా మొదలుపెట్టాను. బలవంతం చేశారని చెప్పుకుందామనుకున్నాను కానీ ఎవరూ చెయ్యలేదు. "నువ్వు రాయకపోతే ఇంకొకళ్ళు రాస్తారు. నువ్వు రాయలేదన్నది మాత్రం అందరికీ గుర్తుంటుంది" అన్నాడు మీ మరిది. అది బెదిరింపు కాదు, ఆయన లోకజ్ఞానం. అసలు సంగతి వేరు. పదమూడేళ్ళుగా వంటింట్లో మూలపడ్డ నా ఇంగ్లీషుని ఎవరో వచ్చి అడిగారు. కాగితం ముందు కూర్చుంటే ఎంత బాగుందనుకున్నావు! ఒక్కో మాటా కొట్టేసి, దానికంటే పదునైనది వెతికి పెట్టాను. ఆడవాళ్ళు నడిచే దారిలో లుంగీలతో కూర్చుంటారని రాశాను. వాళ్ళు కూర్చునేది వాళ్ళ గుమ్మంలోనే. తీగల మీద ఇరవై ఆరుమంది బట్టలని రాశాను. ఇది చాలదనిపించింది. ఏదైనా ఆరోగ్యానికి సంబంధించినది ఉంటే కంపెనీ కదులుతుందని తోచింది. అప్పుడు రాశాను, ఇంటి వెనక మురికినీరు నిలవబెట్టి ఏవో పిచ్చిమొక్కలు పెంచుతున్నారనీ, దోమలు పుడుతున్నాయనీ. ఆ పూట నా ఫ్రిజ్‌లో ఆ మొక్కల కట్టే ఉందక్కా.

చివరి వాక్యం ఇది: "వీరి అలవాట్లు కుటుంబాల అలవాట్లకు భిన్నమైనవి." రాసేటప్పుడు ఏమీ అనిపించలేదు. చిత్తు ప్రతిని సాఫు చేసేటప్పుడు చెయ్యి ఆగింది. నీకు గుర్తుండాలి. నీకు పదకొండు, నాకు ఎనిమిది. నాన్నకి తాలూకాఫీసులో గుమాస్తా పని వచ్చి, కాలవ అవతలి మన పేట వదిలి గుడివాడలో ఇల్లు వెతుక్కుంటున్నాం. ఆ అరుగు మీద పెద్దమనిషి ఎంత మర్యాదగా అన్నాడు! "మీ మీద నాకేం లేదండీ. మీ అలవాట్లు వేరు, అంతే. మీ పేట జనం ఇక్కడికి రాకుండా చూసుకుంటానంటే ఇల్లు ఇస్తాను." నాన్న సరేనన్నాడు. ఆర్నెల్లకి మన పెద్దమ్మ ఎండుచేపల బుట్టతో వచ్చింది. సంగతి ముందే ఎవరు చెప్పారో, గుమ్మం ఎక్కకుండా రోడ్డుకి అవతలే నిలబడింది. అమ్మ కిటికీలోంచే మాట్లాడింది. నువ్వు రోడ్డు దాటి వెళ్ళి బుట్ట అందుకున్నావు. నేను తలుపు వెనక దాక్కున్నాను.

అదంతా గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా సాఫు చేశాను. ముత్యాల్లాంటి అక్షరాలతో. మోనికా భర్త దాన్ని ఆఫీసులో టైపు చేయించి తెచ్చాడు. పది సంతకాల్లో నాదీ పెట్టాను.

రెండు వారాలు తిరక్కుండానే లారీ వచ్చింది. ఊరి చివర ఫ్యాక్టరీలుండే సనాయాలో కంపెనీ క్యాంప్‌కి తోలుకుపోయారు, గదికి పన్నెండు మంది. మా కాంపౌండ్ గేటు దగ్గర ఇప్పుడు కొత్త రూలు: బ్యాచిలర్లు లోపలికి రాకూడదు.

ఈవేళ పొద్దున వాచ్‌మన్ కబురు పెట్టాడు, ఎవరో వచ్చారని. గంగన్న. ఒక బస్సు పట్టుకుని, మిగతాది నడిచి వచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నేను గేటు లోపల, ఆయన బయట. లోపలికి రమ్మనలేదు, వాచ్‌మన్ చూస్తున్నాడు. ఆయనా రానివ్వరని ముందే తెలిసినవాడిలా గేటు చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. జేబులోంచి కాగితం తీశాడు. సాయవ్వదనుకున్నాను.

"గిది కంపెనీల గోడకు అంటిచ్చిండ్రు, అక్కా. ఇంగ్లీషుల ఉన్నది. మమ్ముల ఎందుకు ఎల్లగొట్టిండ్రో ఇండ్ల ఉన్నదట. జర సదివి చెప్పు."

జిరాక్స్ కాపీ. నా వాక్యాలు. నా కామాలు.

చదివానక్కా. కాగితం చూస్తూ, వేలు కదుపుతూ చదివాను. "ఇల్లు బాగా పాతదట. గోడలు బీటలిచ్చాయట. కూలిపోతే మీ ప్రాణానికే ప్రమాదమని మంచి చోటికి మార్చమని రాశారు." కళ్ళు మూసుకుని, తల వంచుకుని, ఎప్పటిలాగే విన్నాడు.

"గంతేనా? ఇంకేం లేదా?"

"అంతే."

"మడి సంగతి ఏమన్న రాసిండ్రా?"

"లేదు."

"గట్లనా" అన్నాడు. కాసేపు చువ్వ వదల్లేదు. మంచినీళ్ళిస్తానన్నాను. "వద్దక్కా, బస్సు పోతది" అని వెళ్ళిపోయాడు.

మీ మరిదితో చెబితే, "మంచి పని చేశావు, మనసు నొప్పించడం ఎందుకు" అన్నాడు. ఎవరి మనసు? నిజం చెప్పాలంటే గంగన్నకి అన్నీ చెప్పేయాలని ఉంది. చెబితే ఆయనకి ఒరిగేదేమిటని కూడా ఉంది. నా గుండె బరువు దించుకోడానికి ఆయన్ని మళ్ళీ ఆ ఎండలో నడిపించడమే కదా? ఏది మంచితనమో, ఏది పిరికితనమో నాకు తేలడం లేదు. నువ్వు రోడ్డు దాటినదానివి. ఏం చెయ్యమంటావో రాయి.

ఎవా

*

దోహా,
22 జూలై 1994

అక్కా,

"చెప్పెయ్యి. ఎందుకని అడగకు" అని ఒక్క కార్డు ముక్క రాశావు. అది అందేలోపే గంగన్న ఉత్తరం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"ఎవా అక్కకు గంగన్న దండాలు. ఇది ఫసీయుద్దీన్ భాయ్ రాస్తుండు. మా బోధన్ మనిషే, పది దాక సదివిండు. నేను గేటు కాడికి తెచ్చిన కాయితం నీకంటె ముందే ఫసీ భాయ్ సదివి చెప్పిండు. అంత ఎరుకే నాకు. మరి ఎందుకొచ్చినవ్ అంటవా? కింద మీ అక్క సంతకం గూడ ఉన్నది అన్నడు. నేను నమ్మలే. సాయవ్వ కవర్ల మీద ఇంగ్లీషుల నీ పేరు, అడ్రసు రాస్తవు గదా, గది పక్కన వెట్టి సూపిచ్చిండు. అయినా నీ నోటితోని ఇందామని వచ్చిన.

సంతకం వెట్టినవని నాకు కోపం లేదు అక్కా. పది ఇండ్లోళ్ళు వెడితె నువ్వొక్కదానివి వెట్టనని ఆడ ఎట్ల బతుకుతవు? మా ఊర్ల గూడ గంతే. గని రాసినోడు ఎవడో, వాడు మా ఇంటెన్కకు వచ్చి మడి సూసినోడే. తొవ్వ మీద పోయెటోనికి అది కనవడది. తాగే నీళ్ళు కారి పారుతుంటె మురికి నీళ్ళని రాసిండు. వాని పేరు నీకు ఎరుక ఉంటది. నాకు చెప్పకు. నువ్వు ఆ కూర తిన్నవు. అందుకే, గీ ఒక్క మాట అబద్ధమని అంటవేమో అని సూసిన. నువ్వు ఆ మాటే సదవకపోతివి.

సాయవ్వ ఉత్తరాలు నీ డబ్బల ఉన్నయి. పై శుక్రారం ఫసీ భాయ్ వస్తడు, ఇయ్యి. ఇగ నుంచి గాయనే రాస్తడు. నీ పెనిమిటికి దండాలు చెప్పు.

గంగన్న"

మూడు రోజులు నాతో నేను వాదించుకున్నాను. ఆయన సంతకాన్ని క్షమించేశాడు. అక్కడితో ఊరుకోవచ్చు. రాసినవాడి పేరు చెప్పొద్దని తనే అన్నాడు. అంతకంటే సులువైన దారి ఎవరిస్తారు? ఆ సులువే నన్ను భయపెట్టింది. చివరికి తెలుగులో నాలుగు పంక్తులు రాశాను. మీ మరిది చూసి, "ఇది పన్నెండు మంది ఉండే గదిలో పైకి చదువుతారు. రేపటికి మోనికా చెవిన పడుతుంది" అన్నాడు. పడనీ అన్నాను.

"గంగన్నా, మడి చూసింది నేనే. రాసింది నేనే. ఆ నీళ్ళు మురికివి కావని తెలిసే రాశాను. నీకు అబద్ధం చదివింది అందుకే."

ఈవేళ ఫసీయుద్దీన్ వచ్చాడు. సన్నటి మనిషి, కళ్ళజోడు. డబ్బా, దాని మీద ఆ చీటీ ఇచ్చాను. "గంగన్న రాలేదా?" అన్నాను. "వచ్చిండు మేడం" అని వెనక్కి చూశాడు. రోడ్డుకి అవతల, కరెంటు స్తంభం నీడలో నిలబడి ఉన్నాడు.

నువ్వైతే దాటేదానివి. నేను గేటు తీసి మెట్టు దిగాను. అంతవరకే కాళ్ళు వచ్చాయి.

ఫసీయుద్దీన్ దాటి వెళ్ళి చీటీ విప్పాడు. లారీల మోతలో నాకేమీ వినబడలేదు. పెదాలు కదలడం కనబడింది. గంగన్న కళ్ళు మూసుకుని, తల వంచుకుని విన్నాడు. చెయ్యి చాపి చీటీ తీసుకున్నాడు. ఎప్పటిలాగే మడిచాడు.

జేబులో పెట్టుకోలేదక్కా. తిరిగి ఫసీయుద్దీన్ చేతికి ఇచ్చేశాడు. డబ్బా మాత్రం చంకలో పెట్టుకుని, నా వైపు చూడకుండా బస్సు వచ్చే దిక్కుకి నడిచాడు.

ఆ చివరింటికి సున్నం వేశారు. ఏదో ఫ్యామిలీ దిగుతోందట. సాయంత్రం ఆ వెనక్కి వెళ్ళి చూశాను. ట్యాంకరు రావడం మానేసింది కదా, మడి నిలువునా ఎండిపోయింది. కాయలు పగిలి ఉన్నాయి. గుప్పెడు విత్తనాలు కొంగున కట్టుకొచ్చాను. ఎవరికివ్వాలో తెలియక, వంటింటి అలమరలో నాన్న ఫొటో వెనక పెట్టాను.

నీ
ఎవాంజెలిన్