నన్ను దాటి వెళ్ళు

అమ్మడూ,

ఇంట్లో అంతా బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు కూడా ఈమధ్య మాట వింటోంది. నేను నీళ్ళు పెట్టే తోటకీ మీ హాస్టలుకీ మధ్య గోడ ఒక్కటే అడ్డం. అయినా ఎదురుగా చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను.

మీ అంబులెన్సు శిక్షణ సారు నిన్న నన్ను గేటు దగ్గర ఆపారు. "పెద్దాయనా, తల ఎటు తిప్పితే అటు బస్సు ప్రమాదం కనిపించే ఆ కళ్ళజోడు పరీక్ష ఉంది చూడండి, అందులో మీ అమ్మాయి ప్రతిసారీ తప్పుతోంది. అందులో దెబ్బ తగిలినట్టు కనిపించే మీ దగ్గరికే ముందు పరిగెడుతోంది. సోమవారం కూడా తప్పితే ఇంటికి పంపించాల్సిందే" అన్నారు. నువ్వు మాకు చెప్పలేదు. సరేలే.

ఆ కళ్ళజోడులో చూపించే వీడియో తీసేనాటికి నువ్వింకా అక్కడ చేరలేదు. తోటపనిలో ఉన్న నన్ను పిలిచి, కాలికి ఎర్రరంగు పూసి, బస్సు పక్కన కూర్చోబెట్టారు. "గట్టిగా అరవండి తాతా, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నారేంటి!" అని కసిరారు. ఏమని అరవాలో తోచలేదు. అమ్మడూ అని నిన్నే పిలిచాను.

అందులో నాకు విరిగింది కాలు మాత్రమేనట. చప్పుడు లేకుండా బస్సు మెట్ల దగ్గర పడి ఉన్నావిడకు ఊపిరాడడం లేదట. నువ్వు నాకు కట్టు కట్టేలోపు ప్రతిసారీ ఆవిడ పోతోందట.

నా కాలికేం కాలేదు. రంగు సబ్బుతో పోయింది. ఆ రోజు టీ కూడా ఇచ్చారు.

సోమవారం కూడా నేను అలాగే పిలుస్తాను, మానడం నా చేతిలో లేదు. నువ్వు వినపడనట్టు నన్ను దాటి ఆవిడ దగ్గరికి వెళ్ళు. నేనేమీ అనుకోను.

మీ నాన్న