ఇద్దరు వదినల తిరకాసు

ఏప్రిల్ 6, ఆదివారం

గౌరవనీయులైన వదినగారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను, మీ అన్నయ్యగారు, నా మోకాళ్ళు అందరం క్షేమం. మోకాళ్ళు మాత్రం కాస్త అలిగి ఉన్నాయి. అక్కడ మీరు క్షేమంగా, హుషారుగా, నవ్వుతూ తుళ్ళుతూ ఉన్నారని మన తిరకాసు ఫోన్ చేసినప్పుడల్లా చెబుతూనే ఉంది. అడగకపోయినా చెబుతోంది. అడగకపోతే మరీ చెబుతోంది.

విషయానికి వస్తాను. కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, ఆధారం లేకుండా ఎవరి మీదా నేరం మోపను. కాబట్టి ముందు ఆధారం.

మనవరాలికి తిరకాసు అని పేరు పెట్టింది నేను. మాటలు రాగానే ప్రతిదానికీ ఒక మెలిక పెట్టేది కనుక. దానికి పజిళ్ళు నేర్పిందీ నేనే. ప్రతి ఆదివారం ఫోన్లో నేను ఒకటి అడగడం, అది మూలగడం, "అమ్మమ్మా, ఒక్క క్లూ, ఒక్కటంటే ఒక్కటి" అని బతిమాలడం, నేను బెట్టు చేయడం, చివరికి ఇద్దరం కలిసి విప్పడం మా ఆచారం. మా అమ్మాయీ మీ అబ్బాయీ మీ పై అంతస్తులోకి మారిన దగ్గర్నుంచి ఆ మూలుగు ఆగిపోయింది. వదినగారూ, ఆ మూలుగు కోసమే నేను వారమంతా ఎదురుచూసేదాన్ని.

పోయిన ఆదివారం డబ్బాల పజిల్ అడిగాను. మూడు డబ్బాలు: ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో పంచదార, ఒకదాంట్లో రెండూ కలిపింది. మూడింటి మీదా చీటీలున్నాయి, మూడూ తప్పే. ఒకే ఒక్క డబ్బాలోంచి ఒకే ఒక్క చిటికె నోట్లో వేసుకుని, ఎందులో ఏముందో చెప్పాలి. నేను గుక్క తిప్పుకునేలోపు పిల్ల అందుకుంది. "కలిపింది" అని రాసిన డబ్బా తెరవాలట. చీటీ అబద్ధం కాబట్టి అందులో ఉన్నది ఒక్కటే సరుకట. అది ఉప్పయితే, "పంచదార" అని రాసిన డబ్బాలో పంచదారా ఉండదు, ఉప్పూ ఉండదు, కాబట్టి కలిపింది ఉంటుందట. మిగిలింది పంచదారట. బాగానే ఉంది. అంతా చెప్పాక, "అసలు పంచదార డబ్బా జోలికే వెళ్ళకూడదు అమ్మమ్మా, పిప్పిపళ్ళు వస్తాయి" అంది.

ఆ ఆఖరి వాక్యం ఎవరి నోటిదో కనిపెట్టడానికి తర్కశాస్త్రం అక్కర్లేదు.

మీరు ముప్పయ్యేళ్ళు పళ్ళ డాక్టరుగా చేశారు. నొప్పి తెలియకుండా పీకడం మీ విద్య. నా మనవరాలిని కూడా అలాగే పీకేశారని, మత్తు దిగాక ఇప్పుడు తెలుస్తోంది.

పోతే, మీ ఊరి లైబ్రరీలో వచ్చే నెల జంట పజిళ్ళ పోటీ పెడుతున్నారని మా అమ్మాయి చెప్పింది. ఒక పెద్ద, ఒక చిన్న కలిసి కూర్చోవాలట. తిరకాసు పక్కన కూర్చోవలసింది ఎవరో నేను చెప్పక్కర్లేదు. విత్తనం వేసినవాళ్ళకే కదా పంట. పైగా మీకు నడుం నొప్పి. లైబ్రరీ కుర్చీలు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. మీ ఆరోగ్యం గురించి నాకు చాలా బెంగగా ఉంది.

ఇట్లు,
మీ కోడలి తల్లి

*

ఏప్రిల్ 27, ఆదివారం

వదినగారికి,

నమస్కారాలు. మీ నడుం నొప్పి తగ్గిందని రాశారు. ఇంత తొందరగా తగ్గినందుకు సంతోషం. మీ అన్నయ్యగారు కులాసా. ఎంత కులాసాయో కింద మీకే తెలుస్తుంది.

"పిల్ల ఎవరి సొత్తూ కాదు వదినగారూ, దాన్నే అడుగుదాం" అని రాశారు. న్యాయమైన మాటే. న్యాయమైన మాట అవతలివాళ్ళు ముందుగా అన్నప్పుడు ఎంత చేదుగా ఉంటుందో చెప్పలేను. అడిగాం. అది మన రెండు పేర్లలో ఏదీ ఎత్తలేదు. "నేనే ఒక పజిల్ కడతాను. ముందు విప్పినవాళ్ళు నా జంట" అంది. చూశారా, ఏకు మేకవడమంటే ఇదే.

ఆ పజిల్ మీకు తెలుసు. అయినా రాస్తాను, ఎక్కడ బోల్తా పడ్డానో నాకే తెలియడానికి. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు "వదినా" అని పిలుచుకుంటారు. ఇద్దరికీ తోబుట్టువులు లేరు. ఇద్దరి భర్తలకీ అక్కచెల్లెళ్ళు లేరు. ఇద్దరి మధ్యా ఏ రకమైన రక్తసంబంధమూ లేదు. ఎవరూ వరస తప్పి పిలవడం లేదు. అయితే వాళ్ళు ఒకరికొకరు ఏమవుతారు?

నేను పద్ధతి ప్రకారం వెళ్ళాను. వదిన అంటే అన్న భార్య. అన్నలే లేరు, కొట్టివేశాను. వదిన అంటే భర్తకు అక్క. అక్కలే లేరు, కొట్టివేశాను. మేనత్త కూతురు, మేనమామ కూతురు. రక్తసంబంధం లేదంది, కొట్టివేశాను. భోజనాల బల్ల నిండా కాగితాలు పరిచి అడ్డగీతలు, నిలువుగీతలు గీశాను. మీ అన్నయ్యగారు కంచం ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. "గుడ్డిగుర్రానికి పళ్ళు తోమడమంటే ఇదేనా" అని కూడా అన్నారు. ఆ పని మన వియ్యపురాలు చూసుకుంటారులెండి, మీరు తినండి అన్నాను.

చివరికి ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ పజిల్‌కి జవాబు లేదు. అంతే కాదు, జవాబు ఉండడం సాధ్యం కాదని నిరూపించాను. తప్పు పట్టడానికి వీల్లేని నిరూపణ. తిరకాసుకి ఫోన్ చేసి మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా వినిపించి, "ఇది మీ నానమ్మకి కూడా చదివి వినిపించు, పజిల్ కట్టేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఇద్దరికీ తెలుస్తుంది" అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. పిల్ల సిగ్గుపడుతోంది కాబోలు అనుకున్నాను. రిసీవర్ మూసుకుని నవ్వుతోందని తర్వాత మా అమ్మాయి చెప్పింది.

ఫోన్ పెట్టేసి, గెలిచినదానిలా వచ్చి కూర్చున్నాను. మీ అన్నయ్యగారి సంగతి మీకు తెలుసు కదా. ఏ పజిలైనా ముందు జవాబుల పేజీ తెరిచి చదివి, "ఓస్, ఇంతేనా" అనే రకం. ఆ రోజు పేపరులోంచి తలెత్తకుండానే, "ఒక్క మాట అడుగుతాను కోప్పడవు కదా, నువ్వు మీ వియ్యపురాలిని ఏమని పిలుస్తావే?" అన్నారు.

నేను బల్ల మీది కాగితాలన్నీ పోగుచేసి మడిచేశాను. ఆయన ఇప్పటిదాకా నవ్వుతూనే ఉన్నారు.

వదినగారూ, మన పిల్లల పెళ్ళయిన దగ్గర్నుంచి నేను మిమ్మల్ని ఎదురుగానూ, ఫోన్లోనూ, ఉత్తరాల్లోనూ వదినగారూ అనే అంటున్నాను. ఆ మాట నా నోట్లోనే ఉంది. బల్ల మీద పరిచిన అన్ని కాగితాల్లోనూ ఒక్క గడిలో కూడా అది పడలేదు. ఎందుకు పడలేదో నాకు తెలుసు. మీరు నాకు బంధువని నేనెప్పుడూ అనుకోలేదు. అవతలి పక్షం అనుకున్నాను. పేకాటలో ఎదురుగా కూర్చున్నవాళ్ళని ఎవరూ బంధువుల లెక్కలో వేయరు కదా.

మీరేమో పిల్ల పజిల్ పూర్తి చేయకముందే, "ఇంకెవరే, నేనూ మీ అమ్మమ్మా" అన్నారట. అంటే మీ లెక్కలో నేను మొదట్నుంచీ బంధువునే అన్నమాట. అందుకు సంతోషించాలో, అలా సంతోషపెట్టి మరీ నన్ను ఓడించినందుకు కుళ్ళుకోవాలో తేల్చుకోలేక రెండూ చేస్తున్నాను. రెండోది కాస్త ఎక్కువగా చేస్తున్నాను. మీరు నాకు పంటి కింద రాయి. తీయించుకుందామంటే, ఆ డాక్టరూ మీరే.

కూర్చోండి దాని పక్కన. గెలవండి. పోటీకి నేనూ వస్తాను, చూడడానికి. చూడడానికి మాత్రమే.

ఇట్లు,
ఓడిన పక్షం,
మీ వియ్యపురాలు

*

మే 18, ఆదివారం

వదినగారికి,

అభినందనలు. ముందు ఆ మాట రాసేస్తే మిగతా ఉత్తరం హాయిగా రాసుకోవచ్చని రాశాను. నిన్న మీ ఊరి నుంచి క్షేమంగా ఇల్లు చేరాం. బస్సులో మీ అన్నయ్యగారు కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయారు. నేను నిద్రపోలేదు.

లైబ్రరీ హాల్లో చివరి వరసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను. మీరు చూశారో లేదో. తిరకాసు ఒకసారి చేయి ఊపింది, తర్వాత దానికి నేను గుర్తులేను. చూడడానికి వచ్చినవాళ్ళకి కూడా ప్రశ్నల కాగితం ఇవ్వడం మంచి ఏర్పాటు. నేను నా కాగితం మీద అన్నీ విప్పుతూనే ఉన్నాను, మీకంటే ముందే. మొదట్నుంచీ ఆఖరిదాని ముందుదాకా మీకంటే ముందే. ఇది రికార్డు కోసం రాస్తున్నాను.

మధ్యలో మీరిద్దరూ ఒకే కాగితం మీదకి వంగినప్పుడు దాని జడ మీ భుజం మీద పడింది. మీరు తీయలేదు. అది పెన్సిల్ కొరుకుతుంటే, చూడకుండానే చేయి చాచి దాని నోట్లోంచి పెన్సిల్ లాగేశారు. అది కోప్పడలేదు. నేను అదే పని చేస్తే "అబ్బా, అమ్మమ్మా!" అని ఎగిరిపడుతుంది. నా పక్కన ఒకావిడ కూర్చుంది, ఎవరో పిల్లాడి తల్లి. "ఆ నానమ్మా మనవరాలూ ఎంత ముద్దుగా ఉన్నారండీ" అంది. "ముద్దుగా ఉండడానికి మార్కులు లేవండీ" అన్నాను. ఆవిడ వేరే కుర్చీ చూసుకుంది.

ఇక ఆఖరి ప్రశ్న. ఇంట్లో బిస్కట్లు ఎవరో తినేశారు. అన్న, తమ్ముడు తిన్నాడంటాడు. తమ్ముడు, అన్న చెప్పేది అబద్ధమంటాడు. చెల్లి, నేను తినలేదంటుంది. ముగ్గురిలో ఒక్కరే నిజం చెబుతున్నారు. తిన్నది ఎవరు? నేను అలవాటు ప్రకారం మూడు తలుపులూ ఒక్కొక్కటే తెరిచాను. అన్న తిన్నాడనుకుందాం, పొసగలేదు. తమ్ముడనుకుందాం, పొసగలేదు. మూడో తలుపు తీస్తుండగానే, జవాబు దొరికిందంటూ మీ బల్ల మీది గంట మోగింది.

మైకు ముందు జవాబు వివరించమంటే తిరకాసు మిమ్మల్నే ముందుకి తోసింది. మీరు చెవి గీక్కుంటూ, పేషెంటుకి చెప్పినట్టు చెప్పారు. "అన్నా తమ్ముడూ ఒకరి మాటకొకరు అడ్డం పడుతున్నారు కదమ్మా. అలాంటప్పుడు వాళ్ళిద్దర్లో ఒకడిది నిజమే అయ్యుండాలి. ఎవడిదైతే మనకెందుకు? ఉన్న ఒక్క నిజం అక్కడ ఖర్చైపోయింది. మూడోదాని దగ్గర ఇంక నిజం ఎక్కడుంటుంది? తిన్నది చెల్లెలే" అన్నారు. హాలంతా చప్పట్లు.

నా దారీ తప్పు కాదు. అదే జవాబుకి వెళుతుంది. కానీ నేను గదిగదికీ వెళ్ళి చూస్తున్నాను, మీరు వీధిలో నిలబడే కిటికీలోంచి చూసి చెప్పేశారు. కాలేజీలో అన్నేళ్ళు పాఠం చెప్పాను కదా, ఆ కిటికీ అక్కడ ఉందన్న సంగతి ఆ సమయానికి నాకు తోచలేదు. చప్పట్లు కొట్టాను. గట్టిగానే కొట్టాను. మీ అన్నయ్యగారు కంగారుపడి నిద్ర లేచారు.

పోటీ అయిపోయింది కనుక, ఆదివారాలు నాకు తిరిగి అప్పగించవలసిందని కోరుతున్నాను. పిల్లని నేను పజిల్ అడిగేటప్పుడు మీరు ఆ గదిలో ఉండకూడదు. పై అంతస్తులోనే ఉండకూడదు. మెట్ల మీద నిలబడినా నాకు తెలిసిపోతుంది. మిగిలిన ఆరు రోజులూ అది మీదే. ఇంతకంటే ఉదారంగా నా వల్ల కాదు.

ఆరోగ్యం జాగ్రత్త. ఆ లైబ్రరీ కుర్చీలు నిజంగానే బాగాలేవు, నా నడుం పట్టేసింది.

ఇట్లు,
మీ వదిన

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. పైన రాసినదాంట్లో అబద్ధం లేదు కానీ, నిజం కూడా పూర్తిగా లేదు. నిన్న ఆ హాల్లో నా కళ్ళు మండింది మిమ్మల్ని చూసి కాదు. తిరకాసుని చూసి. ఆ కుర్చీలో, మీ పక్కన, మీ కాగితం మీదకి వంగి కూర్చోవలసింది నేను. మీ అన్నయ్యగారితో ఇన్నేళ్ళ కాపురంలో నేను ఒక్క పజిల్లో కూడా ఓడలేదు, ఆయన ఆడితే కదా. నన్ను ఓడించగలిగిన మనిషి ఇన్నేళ్ళూ నాకు వరసైన మనిషే అయ్యుండి, నేనేమో పిల్ల కోసం ఆ మనిషితో పోట్లాడుతూ కూర్చున్నాను. బుధవారం సాయంత్రాలు తిరకాసు ఈతకి వెళుతుందని మా అమ్మాయి చెప్పింది. ఆ వేళకి నాకు ఫోన్ చేయండి. గట్టిదేదైనా చూసి పెట్టుకోండి, క్లూ ఇవ్వకండి, అవసరమైతే నేనే మూలుగుతాను. పిల్లకి మాత్రం ఈ సంగతి తెలియనీయకండి. ఓర్వలేనితనంలో దానిది అచ్చం నా పోలిక.