అతుకు లేని తీగ

జూన్ 4, 2007. ఉదయం 8.00
మోడెం వచ్చి పన్నెండు రోజులు. నిన్న ఒక్కరోజే పదకొండు సార్లు ఆగింది. మనవరాలు అనఘ డిజైన్ కోర్సు దరఖాస్తు నెట్‌లోనే పంపాలి. గడువు తొమ్మిదో తేదీ మధ్యాహ్నం రెండు. ఐదు పేజీలు. మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటి పేజీ. అందుకే ఇంటి వైరింగు నేను చేతిలోకి తీసుకుని, వివరాలు ఇక్కడ రాస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని.

నిర్ణయం: వరండాలో లైను దిగే డబ్బా నుంచి మోడెం దాకా ఒకటే తీగ. అతుకు ఉండకూడదు. నెట్‌నూ ఫోనునూ విడదీసే స్ప్లిటర్ దాటాకే ఫోను. ఇంటికి ఒకటే, హాల్లో.

జూన్ 5
లైన్‌మన్ జాన్‌బాబు గారు వచ్చారు. పాత చదును తీగ వద్దన్నాను. మెలితిప్పిన జంట తీగ వేయించాను. నలభై ఆరు అడుగులు. అతుకులు సున్నా! కోడలు సత్యశ్రీ వంటింటి ఫోను తీయించాను.
"కూర కలుపుతూ మా అమ్మతో మాట్లాడుకునేదాన్ని, అత్తయ్యగారూ."
"కూర కలిపేటప్పుడు కూర కలుపు."
సాయంత్రం దాకా ఒక్కసారీ ఆగలేదు!

జూన్ 6
ఉయ్యూరులో అక్కయ్య దుర్గాంబ ఒక్కతే ఉంటుంది. ఉదయం ఏడుకు, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తుంది. మాత్ర వేసుకున్నానని గుర్తు. పదేళ్ల ఏర్పాటు. ఈ రోజు ఏడు దాటినా రాలేదు. కంగారుపడి నేనే చేశాను.
"ఇచ్చానే! నీ చెవులేమయ్యాయే?"
హాల్లో టీవీ. నా గదిలోకి రింగు వినబడదు.
11.20. నిన్న నా గది ఫోనూ తీయించాను గానీ, దాని పాత తీగ గోడలోనే ఉంది. డబ్బా దగ్గర కొసలు కలిపాను. మంచం కింద ఫోను పెట్టాను. మాట్లాడటానికి కాదు, వినడానికి. అది ఫోను కింద లెక్కకు రాదు.

జూన్ 7
ఆగిన వేళలు: 7.00, 1.00. ఎండ ఎక్కువగా ఉంది.

జూన్ 8
7.00, 1.00. అనఘ నాలుగో పేజీలో ఉండగా. రెండు రోజుల కొలతతో సూత్రం కట్టకూడదు. జాన్‌బాబు గారికి ఫోను చేసి, నాసిరకం తీగ వేశారని మందలించాను. రేపు చూస్తానన్నారు.

జూన్ 9
1.00. అనఘ ఐదో పేజీ. రింగు. తెగింది. అనఘ కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఏడవలేదు.
జాన్‌బాబు గారు పాత తీగ వెంబడి నా గదిలోకి నడిచారు.
"మామ్మగారూ, మంచం కింద ఈ ఫోనేంటండీ?"
"వినడానికి."
"స్ప్లిటర్ దాటకుండా కలిపేశారండీ! రింగు వచ్చినప్పుడల్లా మోడెం పడిపోద్ది. ఎవరు కలిపారండీ?"
సత్యశ్రీ గరిటెతో గుమ్మంలో నిలబడి ఉంది.
"నేనే," అన్నాను.
తీగ పీకేశారు. 1.52కు దరఖాస్తు వెళ్లింది.

సాయంత్రం 4.00. నిర్ణయం ఈ రోజు నుంచి మళ్లీ మొదలు.
1. మంచం కింది ఫోను జాన్‌బాబు గారు పట్టుకెళ్లాలి. ఇంట్లో ఉంటే మళ్లీ కలుపుతాను.
2. తీగ నాసిరకమన్న మాట ఆయన ఎదుటే వెనక్కి తీసుకోవాలి.
3. రోజూ 6.55కు, 12.55కు నేను హాల్లో ఉండాలి. టీవీ నడుస్తున్నా సరే.
4. స్ప్లిటర్ తర్వాత నుంచి తీగ లాగించి వంటింటి ఫోను తిరిగి పెట్టించాలి. సత్యశ్రీ అడగకముందే.