కారు అమ్మడం లేదని చెప్పు

కలీం,

అమ్మకి పాముకాటు గండం గడిచింది. పొద్దున కళ్లు తెరిచి టీ అడిగింది. నేను మోటార్‌సైకిల్ మీద మళ్లీ ఆసుపత్రికి పోతున్నా. సాయంత్రం నువ్వు చెల్లి మెహర్‌ని తీసుకుని కారులో రా.

డొంకలో నల్లరేగడి ఇంకా ఆరలేదు. గేరు దగ్గరున్న గుండ్రటి నాబ్‌ని లాక్‌కి తిప్పితే నాలుగు చక్రాలూ లాగుతాయి. తారురోడ్డెక్కాక మళ్లీ వెనక్కి తిప్పు. ఏసీ వేయకు. మొన్న అందులో మిరపకాయ బస్తాలు మోశాను, తుమ్మలేక చస్తారు.

నిన్న ఆటో దిగబడిన చోటే ఈ పదకొండేళ్ల డస్టర్ అమ్మని ఎక్కించుకుని ఆగకుండా దాటింది. పాత ఇనుమన్నావు. నేనూ అమ్మేద్దామనే అనుకున్నా. కొనేవాడు ఐదింటికి వస్తాడు, టీ ఇచ్చి పంపెయ్.

అన్న

అమ్మకి నీ మాట చెప్పాను. "ఆ ఇనుములోనే రమ్మను వాణ్ణి" అని నవ్వింది.