నీకు నేర్పని కుట్టు

చెల్లీ,

నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. మనం పుట్టకముందు కాలానికి వచ్చిపడ్డాను. ఎలా వచ్చానో తెలీదు కాబట్టి తిరిగి రావడమూ తెలీదు.

టైలరు షాపులో పని దొరికింది. మొదటిరోజు గది చీకటిగా ఉందని, అలవాటు చొప్పున స్విచ్ కోసం గోడంతా తడిమాను. బల్లిని వెతుకుతున్నాననుకుని పక్క మిషను పిల్ల చీపురు పట్టుకొచ్చింది. ఆ పిల్లే మన అమ్మమ్మ. పద్దెనిమిదేళ్లుంటాయి, నోరు మాత్రం అప్పుడే డెబ్భై ఏళ్లది.

నేను తెంపిన దారం ముక్కని మెడలో వేసుకోవడం చూసి, "అక్కా, అచ్చం నాలాగే చేస్తావే, ఎవరు నేర్పారు?" అంది. నిన్నటికి ఇక ఉండబట్టలేక మొత్తం చెప్పేశాను. నమ్మిందో లేదో గానీ నవ్వలేదు.

చిన్నప్పుడు అమ్మమ్మ నా చెవి మెలేసి మిషను ముందు కూర్చోబెట్టి, నిన్ను ఆడుకోమని పంపేసేది. నీకు నేర్పలేదని ఇప్పటికీ ఆవిడతో సరిగ్గా మాట్లాడవు.

నేను కనపడకుండా పోయాక నీకివ్వమని ఈ ఉత్తరం ఆ పిల్ల చేతికే ఇస్తున్నాను. ఇన్నేళ్లూ దాచి తెస్తుంది, కాస్త కూర్చోబెట్టి మంచినీళ్లివ్వు. ఇక్కడికొచ్చి కుట్టుతో బతకాల్సింది నేనేనని, నీకు ఆ అవసరం పడదని ఆవిడకి ముందే తెలుసు.

అక్క